మురుగులో దొరికిన మందు

బెల్లంపల్లిలో జ్వరం వారం దాటి, టైఫాయిడ్ అని తేలి ఆసుపత్రిలో చేరితే ఇవాళ ఎక్కువగా పడేది సెఫ్ట్రియాక్సోన్ సూదే. అది చెందిన సెఫలోస్పోరిన్ మందుల కథ మొదలైందీ టైఫాయిడ్‌తోనే.

1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో, కాల్యరి పట్టణపు మురుగు సముద్రంలో కలిసేచోట జుసెప్పె బ్రోట్జు అనే వైద్యుడు ఒక బూజును పట్టుకున్నాడు. దాని రసానికి టైఫాయిడ్ క్రిములు చస్తున్నాయి. 1948లో ఆ సంగతి అచ్చువేశాడు, బూజు ఆక్స్‌ఫర్డ్ చేరింది. అక్కడ ఎడ్వర్డ్ అబ్రహాం, గై న్యూటన్ తవ్వి చూస్తే తేలింది వేరు: టైఫాయిడ్ మీద పనిచేసింది ఆ బూజులోని ఒక రకం పెన్సిలిన్. దాన్ని శుద్ధి చేస్తుండగా 1953లో ఇంకో పదార్థం బయటపడింది, సెఫలోస్పోరిన్ సి. బలం తక్కువే. కానీ పెన్సిలిన్‌ను విరగ్గొట్టే స్టెఫైలోకాకస్ ఎంజైముకు లొంగలేదు. వెతికింది ఒకటి, దక్కింది మరొకటి.

బ్యాక్టీరియా తన గోడ పోగుల్ని ముడివేసుకోవడానికి కొన్ని ఎంజైములు వాడుతుంది. సెఫలోస్పోరిన్‌లోని బీటా-లాక్టమ్ అనే వలయం వాటికి అతుక్కుని కదలనివ్వదు. ముడిపడని గోడ లోపలి ఒత్తిడికి పగిలిపోతుంది. మన కణాలకు ఆ గోడే లేదు.

సెఫలోస్పోరిన్ సి అణువుకు పక్క గొలుసులు మార్చుతూ పోయారు. 1964లో సెఫలోథిన్‌తో వచ్చిన తొలి తరం చర్మం, గాయాల ఇన్ఫెక్షన్లకు పనికొచ్చింది. ఆ తరానికే చెందిన సెఫజోలిన్‌ను ఆపరేషన్‌కు ముందు ఇప్పటికీ ఇస్తారు. 1980లలో సెఫ్ట్రియాక్సోన్ వంటి మూడో తరం వచ్చాక న్యుమోనియా, మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) పాటు టైఫాయిడ్ కూడా చేతికందింది. బ్రోట్జు కోరిక అలా దాదాపు నలభై ఏళ్లకు తీరింది.

అప్పటికి మనకు అవసరమూ ముంచుకొచ్చింది. 1972లోనే కోళికోడ్‌లో, అప్పటిదాకా వాడిన మందు క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ చెలరేగింది. తర్వాత నమ్ముకున్న సిప్రోఫ్లోక్సాసిన్ కూడా పట్టు కోల్పోయింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే హక్కు ఇవ్వడంతో మన కంపెనీలు సొంత దారుల్లో సెఫలోస్పోరిన్లను చేశాయి, ధర దిగింది. అరోబిందో వంటి హైదరాబాద్ సంస్థలు వీటిని విదేశాలకూ పంపాయి. చౌక కావడం మంచిదే, కాకపోతే జలుబుకూ సూది పొడిచే అలవాటు దానివెంటే వచ్చింది.

2016లో పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్ నగరంలో సెఫ్ట్రియాక్సోన్‌కూ లొంగని టైఫాయిడ్ బయటపడింది. నోటి మాత్రల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. 2019లో సింధ్ పిల్లలకు పెద్దయెత్తున వేసిన టైఫాయిడ్ టీకా మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిందే.