హద్దు మీరిన చిరునామా

తొలినాటి గణకయంత్రములు పెక్కింటిలో స్మృతియందలి పదమునకొక చిరునామా ఉండెడిది. 1967లో హైదరాబాదున నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1969లో వెలువరించిన టి.డి.సి.-12లో పదము 12 బిట్లు. 1964లో ఐ.బి.ఎం. ప్రకటించిన సిస్టం/360లో 8 బిట్ల బైటుకొక చిరునామా వచ్చినది. చిక్కు అక్కడ మొదలైనది.

తరగతిలో బల్లకు నలుగురు చొప్పున 0 నుండి వరుసగా స్థానములు గుర్తించితిమనుకొనుడు. నలుగురి జట్టు 4వ స్థానమున మొదలైనచో ఒకే బల్లపై ఇముడును. 6వ స్థానమున మొదలైనచో రెండు బల్లలకు చీలును. నాలుగు బైట్ల పదము గతియు ఇంతే. సిస్టం/360 అట్టి ఆజ్ఞను నిరాకరించెడిది. 1979 నాటి మోటరోలా 68000 బేసి చిరునామానుండి పదమును చదువనిచ్చెడిది కాదు. 1978 నాటి ఇంటెల్ 8086 మాత్రము రెండు విడతలుగా చదివి సర్దుకొనెడిది.

సామాన్య ప్రోగ్రాము ఈ తప్పు చేసినచో కెర్నెల్ దానిని ఆపివేయును. కెర్నెలే చేసినచో యంత్రమంతయు నిలిచిపోవచ్చును. అప్పుడు దోష నివేదికలోని చిరునామాను 4చే భాగించి శేషము చూడవలెను. శేషమున్నచో ఆ చిరునామా ఎచట పుట్టినదో వెనుకకు వెదకవలెను.

ఒక ఉదాహరణము: ఈథర్నెట్ శీర్షిక 14 బైట్లు. దాని వెనుకనున్న ఇంటర్నెట్ శీర్షిక 14వ స్థానమున పడును; 14ను 4 భాగింపదు. లినక్స్ కెర్నెలులో ముందు 2 బైట్లు ఖాళీ విడిచిరి; 14 కాస్త 16 అయినది.

సహించు యంత్రమున ఇట్టి తప్పు దాగియుండును. అదే ప్రోగ్రామును సహింపని యంత్రమునకు మార్చిన నాడు బయటపడును. కనుక ఒక యంత్రముపై నడిచినంత మాత్రమున ప్రోగ్రాము నిర్దోషమని తలంపరాదు.