డెంటల్ బ్రిడ్జి: అమెరికాలో పరిణామం, వాడకం

ఊడిపోయిన లేదా తీయించుకున్న పంటి స్థానంలో, పక్క పళ్లను ఆధారం చేసుకుని కదలకుండా అతికించే కృత్రిమ దంతాల కట్టును డెంటల్ బ్రిడ్జి అంటారు. రాత్రిపూట తీసి నీళ్లలో వేసుకునే పళ్ల సెట్టుకూ దీనికీ తేడా అదే: ఒకసారి అతికించాక రోగి దీన్ని తీయలేడు. మామూలు బ్రిడ్జిలో కనీసం మూడు భాగాలుంటాయి. ఇరువైపులా ఆధార దంతాలకు తొడిగే రెండు క్యాపులు, వాటి నడుమ చిగురుకు ఆనీ ఆననట్టు నిలిచే పాంటిక్ అనే కృత్రిమ దంతం.

పన్ను పోయిన చోటును ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే పక్క పళ్లు ఖాళీలోకి ఒరగవచ్చు, ఎదురు దవడలోని పన్ను కిందికో పైకో జరగవచ్చు. అలాగని ప్రతి ఖాళీనీ పూడ్చాలని లేదు. జ్ఞానదంతం తీసిన చోట బ్రిడ్జి కట్టరు.

అమెరికాలో పళ్లు కట్టడం ఆ దేశం ఏర్పడక ముందే మొదలైంది. వెండిపని చేసే పాల్ రెవియర్ 1768లోనే బోస్టన్‌లో కృత్రిమ దంతాలు కడతానని పత్రికా ప్రకటన ఇచ్చాడు. 1775 జూన్‌లో బంకర్ హిల్ యుద్ధంలో మరణించిన డాక్టర్ జోసెఫ్ వారెన్ శవాన్ని మరుసటి ఏడాది వెలికితీసినప్పుడు, తాను తీగతో కట్టిన పంటిని చూసి గుర్తుపట్టింది రెవియరే. జార్జి వాషింగ్టన్‌వి చెక్కపళ్లన్నది కట్టుకథ. ఆయన సెట్లలో నీటి ఏనుగు దంతం, మనుషుల పళ్లు, లోహం వాడారు. బ్రిడ్జికి నేటి రూపం వచ్చింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే. 1907లో విలియం టాగర్ట్ మైనపు నమూనాతో బంగారాన్ని పోతపోసే పద్ధతిని ప్రకటించాక, పంటికి అచ్చంగా సరిపోయే క్యాపులు సాధ్యమయ్యాయి. 1962లో పేటెంటు పొందిన పద్ధతులతో లోహం మీద పింగాణీని గట్టిగా పట్టించడం కుదిరి, పసుపు మెరుపు పోయి పంటి రంగు వచ్చింది. ఇప్పుడు జిర్కోనియా అనే గట్టి తెల్లని పదార్థం వాడకం బాగా పెరిగింది.

కట్టే పని సాధారణంగా రెండు మూడు విడతల్లో, కొన్ని వారాల్లో ముగుస్తుంది. మొదట మత్తు ఇచ్చి ఆధార దంతాలను చుట్టూ అరగదీస్తారు. తరవాత అచ్చు తీసి, లేదా చిన్న కెమెరాతో నోటిని స్కాన్ చేసి, ల్యాబుకు పంపుతారు. అసలు బ్రిడ్జి వచ్చేదాకా తాత్కాలికమైనది పెడతారు. వచ్చాక కాటు సరిచూసి సిమెంటుతో అతికిస్తారు.

ఈ అరగదీతే బ్రిడ్జికున్న అసలు లోపం. పోయిన ఒక్క పంటి కోసం పుచ్చు లేని రెండు పళ్ల మీది గట్టి పొరను శాశ్వతంగా పోగొట్టుకోవాలి. పైగా వాటిలో కొన్నింటికి తర్వాతి కాలంలో రూట్ కెనాల్ చేయాల్సి వస్తుంది. ఆ పళ్లకు ఇప్పటికే పెద్ద ఫిల్లింగులో క్యాపులో ఉంటే నష్టం తక్కువ. అలాంటి నోటికి బ్రిడ్జి తగిన ఎంపిక.

ఈ లోపానికి విరుగుడుగా పుట్టిందే మేరీలాండ్ బ్రిడ్జి. పంటి మీది గట్టి పొర అయిన ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే రెజిన్ అనే జిగురు పదార్థం పట్టుకుంటుందని రోచెస్టర్‌లో మైఖేల్ బ్యూనోకోర్ 1955లో చూపాడు. ఫ్రాన్స్‌కు చెందిన రోషెట్ 1973లో రంధ్రాలున్న లోహపు రెక్కలను పళ్ల వెనక అతికించాడు. 1980ల ఆరంభంలో బాల్టిమోర్‌లోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో లివాడిటిస్, థాంప్సన్ రంధ్రాలకు బదులు లోహాన్నే విద్యుత్ రసాయన పద్ధతిలో గరుకు చేశారు. ఆ విశ్వవిద్యాలయపు దంతవైద్య కళాశాల మూలాలు 1840లో ఏర్పడిన బాల్టిమోర్ దంతవైద్య కళాశాలలో ఉన్నాయి. అది ప్రపంచంలోనే మొదటిదని పేరు. మేరీలాండ్ బ్రిడ్జికి పళ్లను దాదాపు అరగదీయనక్కర్లేదు. అయితే అతుకు ఊడిపోవడం దీనికున్న సమస్య. నమిలే ఒత్తిడి తక్కువగా ఉండే ముందుపళ్లకే ఇది బాగా నప్పుతుంది.

మామూలు బ్రిడ్జిలు పదేళ్ల తర్వాత పదింట దాదాపు తొమ్మిది నిలుస్తాయని సమీక్షా పరిశోధనలు చెబుతున్నాయి. పాడయ్యేది ఎక్కువగా క్యాపు అంచున, ఆధార దంతం పుచ్చడం వల్లే. మామూలు ఫ్లాస్ పై నుంచి దూరదు కాబట్టి, గట్టి కొస ఉన్న ఫ్లాస్‌నో సన్నని బ్రష్‌నో పాంటిక్ కింద పోనిచ్చి రోజూ శుభ్రం చేయాలి.

అమెరికాలో ఖర్చును ఒక్కో పంటి లెక్కన వేస్తారు. మూడు పళ్ల బ్రిడ్జికి క్యాపులు రెండు, పాంటిక్ ఒకటి విడివిడిగా బిల్లులో పడతాయి. చాలా దంత బీమాలు దీన్ని పెద్ద చికిత్సల కింద చేర్చి సగమే చెల్లిస్తాయి. ఏడాదికి ఇంత అని గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది. బీమా తీసుకోకముందే పోయిన పంటికి చెల్లించబోమనే షరతు కొన్నింటిలో కనిపిస్తుంది. వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా కల్పిస్తూ 1965లో వచ్చిన మెడికేర్ చట్టం పళ్లు తీయడాన్నీ, కొత్తవి కట్టడాన్నీ సాధారణంగా తన పరిధి నుంచి మినహాయించింది.