మద్రాసు ప్రెసిడెన్సీ తొలి మంత్రివర్గం (1920–1923)

1919 భారత ప్రభుత్వ చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో జస్టిస్ పార్టీ ఏర్పరచిన ప్రభుత్వం. దీన్ని మంత్రివర్గం అనడం వాడుకే గాని, నేటి అర్థం దానికి పూర్తిగా వర్తించదు. ద్వంద్వపాలనలో గవర్నరు కింద రెండు వర్గాలు పనిచేసేవి. ఆర్థికం, పోలీసు, భూమిశిస్తు, నీటిపారుదల, అడవులు వంటి రిజర్వుడు శాఖలు కార్యనిర్వాహక మండలి సభ్యుల చేతుల్లో ఉండేవి. విద్య, ఆబ్కారీ, వ్యవసాయం, పరిశ్రమలు, స్థానిక స్వపరిపాలన వంటి బదిలీ శాఖలు మాత్రమే మంత్రులకు దక్కాయి.

1920 నవంబరు చివర మొదలైన ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించింది. శాసనమండలిలో కార్యనిర్వాహక సభ్యులు కాక 127 మంది ఉండగా, అందులో 98 మంది ఎన్నికైనవారు. జస్టిస్ పార్టీకి 63 స్థానాలు వచ్చాయన్నది ఎక్కువగా కనిపించే లెక్క. నాటికి పార్టీల గీతలు ఇంకా స్థిరపడలేదు కనుక దీన్ని ఉజ్జాయింపుగా తీసుకోవడమే మేలు.

గవర్నరు లార్డ్ విల్లింగ్‌డన్ మొదట పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ శెట్టిని పిలిచాడు. ఆయన పదవి స్వీకరించకపోవడంతో దక్షిణ ఆర్కాటు జిల్లాకు చెందిన ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ 1920 డిసెంబరు 17న మొదటి మంత్రి అయ్యాడు. విద్య, ఆబ్కారీ, పబ్లిక్ వర్క్స్ ఆయనవి. తరువాత పానగల్ రాజాగా ప్రసిద్ధుడైన కాళహస్తివాసి పానగంటి రామారాయణింగారు స్థానిక స్వపరిపాలన శాఖ, రాజమండ్రిలో పుట్టిన న్యాయవాది కూర్మా వెంకటరెడ్డి నాయుడు అభివృద్ధి శాఖ తీసుకున్నారు. సుబ్బరాయలు రెడ్డియార్‌ను కొన్ని జాబితాలు ‘ముఖ్యమంత్రి’ అంటాయి. చట్టంలో అలాంటి పదవే లేదు. ‘మొదటి మంత్రి’ అనడమే సరి.

కార్యనిర్వాహక మండలిలో లయొనెల్ డేవిడ్‌సన్, చార్లెస్ టాడ్‌హంటర్, కె. శ్రీనివాస అయ్యంగారు, మహమ్మద్ హబీబుల్లా ఉండేవారు. ఖజానా టాడ్‌హంటర్‌ది. ఇక్కడి అయ్యంగారిని 1926లో కాంగ్రెస్ అధ్యక్షుడైన ఎస్. శ్రీనివాస అయ్యంగారిగా పొరబడరాదు.

అనారోగ్యం వల్ల సుబ్బరాయలు రెడ్డియార్ ఏడాది తిరగకుండానే తప్పుకున్నాడు. 1921 జూలై 11న రామారాయణింగారు మొదటి మంత్రి కాగా, విద్యాశాఖ గంజాం జిల్లా బరంపురం న్యాయవాది ఎ. పి. పాత్రోకు వెళ్లింది. మద్రాసు విశ్వవిద్యాలయాన్ని పునర్వ్యవస్థీకరించిన 1923 చట్టం పాత్రో హయాంలోదే. ప్రభుత్వోద్యోగాల్లో వివిధ వర్గాలకు వాటా కల్పించే తొలి ఉత్తర్వు 1921 సెప్టెంబరులో వెలువడింది. పాత్రో రాకతో మంత్రులు ముగ్గురూ తెలుగువారేనన్న అసంతృప్తి తమిళ ప్రాంతాల్లో, పార్టీలోపలే, తలెత్తింది.

మంత్రుల అధికారం ఎంతవరకో తెలియాలంటే వెంకటరెడ్డి నాయుడి అనుభవం చూడాలి. 1922లో పరిశ్రమలకు ప్రభుత్వ సహాయం అందించే చట్టం తెచ్చిన ఘనత ఆయన శాఖది. అయినా, అడవులు లేని అభివృద్ధి మంత్రిననీ, నీటిపారుదల లేని వ్యవసాయ మంత్రిననీ, ఫ్యాక్టరీలు, విద్యుత్తు, గనులు, కార్మికులు ఏవీ తన కింద లేని పరిశ్రమల మంత్రిననీ ఆయన తరువాత చెప్పుకున్నాడు. ద్వంద్వపాలనపై వచ్చిన విమర్శల్లో ఇంత సూటిగా తగిలింది మరొకటి లేదు. విల్లింగ్‌డన్ రెండు వర్గాలనూ తరచు కలిపి కూర్చోబెట్టేవాడని, ఇతర రాష్ట్రాల కంటే మద్రాసులో వ్యవస్థ సాఫీగా నడిచిందని చెబుతారు. అది నిజమే కావచ్చు. కానీ గవర్నరు సౌజన్యం మీద ఆధారపడిన అధికారం మంత్రులకు హక్కుగా దక్కినది కాదు.

1923 ఎన్నికల్లో పార్టీ బలం తగ్గింది. నవంబరు 19న ఏర్పడిన రెండో మంత్రివర్గంలో వెంకటరెడ్డి నాయుడి స్థానం తమిళుడైన టి. ఎన్. శివజ్ఞానం పిళ్లైకి ఇచ్చారు. ఆ మంత్రివర్గంపై కట్టమంచి రామలింగారెడ్డి ప్రతిపాదించిన అవిశ్వాస తీర్మానం 44–65 ఓట్లతో వీగిపోయింది. తొలి మంత్రుల్లో ఒకడైన వెంకటరెడ్డి నాయుడు, ద్వంద్వపాలన రద్దయిన 1937లో, ఏప్రిల్ నుంచి జూలై దాకా మద్రాసు తాత్కాలిక మంత్రివర్గానికి నాయకత్వం వహించాడు.