భోషాణములోని వెండి రూపాయి: దాని సత్యాసత్య విచారము

తెలుగుదేశమునందలి పాత కుటుంబములలో తాతలనాటి భోషాణము విప్పినపుడు రెండు మూడు వెండి రూపాయలు బయల్పడుట అరుదు గాదు. ఆ నాణెములతోపాటు వానిని గూర్చిన కథలును వంశక్రమముగా వచ్చుచుండును. కుటుంబ చరిత్రలను, స్థానిక చరిత్రలను వ్రాయబూనిన విద్యార్థులు ఇట్టి నాణెములను సాక్ష్యముగా గైకొనుచున్నారు గనుక, అవి యసలువో కూటములో నిర్ణయించు పద్ధతిని గూర్చి యించుక విచారింప దలచితిమి. ఇంటివారి కథ యెంత విశ్వసనీయమైనను అది నాణెము ఆ పెట్టెలో నుండెననుటకే సాక్ష్యము. ఆ నాణెమును ఎవరు, ఎప్పుడు ముద్రించిరో చెప్పజాలదు.

ఈ విచారము మనకు క్రొత్తది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాణెములను పరీక్షించు అధికారికి రూపదర్శకుడని పేరు. యాజ్ఞవల్క్యస్మృతి కూటనాణెమును చేసినవానికే గాక, మంచి నాణెమును కూటమనియు, కూటమును మంచిదనియు చెప్పిన పరీక్షకునికి గూడ ఉత్తమసాహస దండమును విధించినది. తప్పుడు నిర్ణయము రెండువైపులను దోషమే యని స్మృతికర్త యెఱిగియుండెను. నేటి పరిశోధకులలో పలువురు మొదటి దోషమునకు వెఱతురుగాని రెండవదానికి వెఱవరు. అనుమానించుటయే పాండిత్యమని తలచి మంచి నాణెములను త్రోసివేయుచున్నారు.

దీనికి ఆర్కాటు రూపాయి చక్కని యుదాహరణము. మద్రాసు టంకశాలలో కంపెనీవారు ముద్రించిన ఈ రూపాయిపై రెండవ ఆలంగీరు పాదుషా పేరును, హిజరీ 1172 అను సంవత్సరమును, పాలనా వర్షము 6 అనియు పారసీ లిపిలో నుండును. ఆ పాదుషా హిజరీ 1167లో సింహాసన మెక్కెను గావున 1172లో ఆఱవ యేడు ప్రవేశించుట సరియే, లెక్క కుదిరినది. అయినను ఇట్టి రూపాయలలో పెక్కింటి అంచులు, అక్షరముల తీరు యంత్రముద్రణమును చాటుచున్నవి. పాదుషా 1759లో హతుడయ్యెను. మద్రాసులో యంత్రముతో రూపాయలు కొట్టుట 19వ శతాబ్దారంభమున మొదలైనది. ఇంతమాత్రమున ఆ నాణెము కూటమని తీర్పు చెప్పుట పొరపాటు. జనులు నమ్మిన ముద్రను మార్చిన వర్తకులు పుచ్చుకొనరను భయముతో కంపెనీవారు మృతుడైన పాదుషా పేరును, ఆ సంవత్సరమును కదలనీయక 1835వ సంవత్సరపు నాణెముల చట్టము వచ్చు దాక నడపిరి. నాణెము అసలుదే, దానిపై తేదీ మాత్రము ముద్రణకాలము గాదు. 'మా ముత్తాత 1758లో ఆర్జించినది' అను కథ ఇచ్చట నిలువదు, రూపాయి నిలుచును.

హైదరాబాదు రాజ్యమున చార్మినారు రూపాయి విషయము వేఱు. ఇది మీర్ మహబూబ్ అలీఖాన్ కాలమున, 20వ శతాబ్దారంభమున వెలువడినది. చార్మినారు బొమ్మ ద్వారములో పాలకుని నామమందలి మొదటి అక్షరము చెక్కబడి యుండును: మహబూబ్‌నకు 'మీమ్', ఉస్మాన్‌నకు 'ఐన్'. మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టులో, అనగా హిజరీ 1329లో గతించెను. కావున 'ఐన్' గలిగి 1329కి పూర్వపు సంవత్సరము చూపు రూపాయి కానవచ్చినచో దానిని నిస్సంకోచముగా కూటమనవచ్చును. కాని ఒక హెచ్చరిక. నిజాం రాజ్యపు దస్తావేజులలో ఫసలీ సంవత్సరము వాడుక. ఈ నాణెములపై నున్నది హిజరీ. హిజరీ 1321 క్రీ.శ. 1903–04 కాగా ఫసలీ 1321 క్రీ.శ. 1911–12 అగును. ఇంటి కాగితములోని అంకెను నాణెముపై అంకెతో సరిచూచి సంతసించువారు ఎనిమిదేండ్లు దారితప్పుదురు.

ఇక లోహము. చార్మినారు రూపాయి తూకము 11.178 గ్రాములు, వెండి వేయింట 818 పాళ్లు. 1818 నుండి మద్రాసు రూపాయి 180 గ్రెయిన్లు, అనగా సుమారు 11.66 గ్రాములు, పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి. చేతులు మాఱిన నాణెము అరిగి తూకము తగ్గును గాన తూకమొక్కటే చాలదు. ఎంత అరిగినను సాంద్రత మాత్రము మాఱదు. నాణెమును సన్నని దారమున వ్రేలగట్టి నీటిలో ముంచి తూచినచో అరుగని చార్మినారు రూపాయి ఇంచుమించు 1.1 గ్రాము తగ్గవలెను. సాంద్రత పదికి కొంచెము పైన రావలెను. ఇత్తడిపై వెండిపూత యైనచో అది తొమ్మిదికి లోబడును. సీసమును తేలిక లోహములతో తగుపాళ్ల కలిపి ఈ పరీక్షను వంచింపవచ్చును గాన, ఇది కూటమును పట్టుకొనుటకు పనికివచ్చునంతగా అసలుదని స్థాపించుటకు పనికిరాదు. ఎక్స్‌రే యంత్రములును ఉపరితలమునే చదువును. పూతను చూచి లోపలిదానిని ఊహింపరాదు. షరాబులు నేలపై వైచి వినుచుండిన ధ్వని సయితము నమ్మదగినది గాదు: సన్నని పగులున్న మంచి రూపాయి మూగగా మ్రోగును.

వీనికంటె భూతద్దమునే మేము మిన్నగా నెంచుదుము. పోతపోసిన కూటనాణెమున అక్షరముల అంచులు మొద్దుబారి, ఉపరితలమున చిన్న చిన్న గుంటలు, అంచు చుట్టును అతుకుగీత కానవచ్చును. షరాబుల ముద్రలు, దండలో గ్రుచ్చుటకు అతికిన కొక్కెపు జాడలు దోషములు గావు. అవి ఆ నాణెము చరిత్రలో భాగములే. అతుకువలన తూకము పెరుగునని మాత్రము గుర్తుంచుకొనవలెను. చింతపండుతో తోమినచో ఆ జాడలును, వెండిపై ఏండ్లతరబడి పట్టిన నలుపును పోవును. తోమకుడని ఇంటివారికి ముందే చెప్పుట మేలు.

సీతారాముల బొమ్మతో, ఇంగ్లీషు అక్షరములలో కంపెనీ పేరుతో, 1616, 1717 అను తేదీలతో దొరకు 'అర్ధణా' బిళ్లలను గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. కంపెనీ ఆ యేండ్లలో అట్టి అర్ధణాను ముద్రింపలేదు. అవి పూజకై చేసినవి. నాణెములుగా అమ్మజూపినపుడే మోసము.

మిగిలినది ఒక తరగతి: నాణెము చెల్లుబడిలో నున్న కాలముననే దొంగతనముగా చేయబడి, బజారున తిరిగి, పెట్టె చేరిన కూటరూపాయి. నేటి నకలుతో దీనిని కలుపరాదు. దానిపై అరుగుదల, షరాబు వేసిన గంటు ఉన్నచో అది ఆ కాలపు విపణికి నేరుగా చెందిన సాక్ష్యము. విద్యార్థి దాని తూకమును, నీటి తూకమును, అంచు తీరును, ఇంటివారి మాటను వేర్వేరుగా వ్రాసి, 'కూటము, సమకాలికము' అని పేర్కొని భద్రపఱుపవలెను.