చేతులు కుదిరిన తరువాత

రోగము కుదిరినంత మాత్రమున రోగి కుదురునా? మన యిండ్లలో పేరు పలుకుటకైన జంకి 'పెద్దరోగ' మని చెప్పుకొను కుష్ఠమును జూడుడు. దీని సూక్ష్మజీవిని నార్వే వైద్యుడగు హాన్సెను 1873లోనే కనుగొనెను. అయినను పూర్వజన్మపాపమను మాట మన నోటినుండి తొలగలేదు. క్రైస్తవుల గ్రంథమందును లేవీయకాండము కుష్ఠరోగిని అపవిత్రుడని పాళెము వెలుపల నుంచుచున్నది. సువార్తలలోనో యేసు అట్టివానిని చేయి చాపి ముట్టెను. క్రైస్తవసంఘములు ఈ దేశమున జేసిన కుష్ఠరోగసేవలో ఈ రెండు వైఖరులును జంటగా నడచినవి.

1874లో ఐర్లండువాడగు వెల్లెస్లీ బెయిలీ కుష్ఠరోగుల మిషను నారంభించెను. ఆశ్రమములు వెలసెను. దిక్కులేనివారికి తిండియు, బట్టయు, తలదాచుకొన నొక గుడిసెయు దొరకెను. కాని పెక్కుచోట్ల స్త్రీపురుషులను వేరుపరచిరి, బిడ్డలను తల్లులయొద్దనుండి తీసి పెంచిరి. అంటునకు వెరచి చేసిరనుకొందము. ఆ తల్లుల కది సమాధానము కాదుగదా. కనికరమునకును గోడ యుండెను.

తెలుగుసీమలో నిజామాబాదు చేరువనున్న డిచ్‌పల్లి వైద్యశాల వేరొక మార్గము చూపెను. 1907లో నైజామునకు వచ్చిన స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్, పాదిరియగు భర్తతో గూడి, దానిని నెలకొల్పెను. నర్సాగౌడు అను హిందూ దాత ద్రవ్య మిచ్చెను. చాల్మోగ్రా జాతి గింజల నూనెను సూదితో నెక్కించు చికిత్స యచ్చట జరిగెను. ఆ మందు బలమెంతయైనను, చావునకై వచ్చు చోటు చికిత్సకై వచ్చు చోటాయెను.

అసలు ప్రశ్న మాత్రము వేలూరిలో బయటబడెను. అచ్చటి క్రైస్తవ వైద్యకళాశాలకు 1946లో వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండు చెంగల్పట్టు కుష్ఠరోగాశ్రమమును జూడబోయి, వంకరవోయిన యొక చేతిలో తన చేయి పెట్టి గట్టిగా పట్టుమనెను. ఆ పట్టు పటకారు పట్టువలె నుండెను. కండ కుళ్లినచో నీ బల మెక్కడిది? ఏండ్లు వెదకి యాయన తేల్చినదేమనగా, వ్రేళ్లు రోగమువలన కుళ్లి రాలుటలేదు. నరములు చచ్చి నొప్పి తెలియదు. నిప్పు కాల్చినను మేకు గ్రుచ్చుకొనినను రోగి యెరుగడు. ఆ గాయములే వ్రేళ్లను హరించుచున్నవి. తుప్పుపట్టిన తాళమున చెవి త్రిప్పిన యొక కుర్రవానికి వ్రేలు ఎముకదాక తెగినను తెలియలేదు. కొందరికి రాత్రి పండుకొని లేచునప్పటికి వ్రేలిలో కొంత కనబడదు. కాచి చూడగా ఎలుకలు కొరుకుచుండెను. దానికి మందు? పిల్లులను బెంచుట! ఏ వైద్యగ్రంథమునను ఇట్టి మందు చెప్పబడి యుండదు.

ముడుచుకొనిన వ్రేళ్లను, చెడని స్నాయువులను మార్చి కుట్టి, విప్పు శస్త్రచికిత్స 1940వ దశకము చివర ఆరంభమాయెను. అట్లు బాగై యింటికి వెళ్లినవారిలో కొందరు మరల వచ్చి మొఱపెట్టుకొనిరి. ఈ చేతులు ముష్టికి పనికిరావట! వంకరచేతిని జూచి కాసు వేయువాడు చక్కని చేతిని జూచి వేయడు. ఒంటిమీద రోగపు గురుతు లుండుటచే పని యిచ్చువాడు లేడు, గది యద్దె కిచ్చువాడు లేడు. వైద్యుడు చేతి నిచ్చి బ్రతుకుదెరువును దీసికొనినాడన్నమాట.

ఇందుకు శస్త్రమున బదులు లేదు. కళాశాల యావరణముననే మట్టిగోడల గుడిసెలతో నవజీవన కేంద్రమను చిన్న పల్లె లేచెను. అచ్చట వడ్రంగము నేర్పిరి, బొమ్మలు చేయించిరి. మొద్దుబారిన చేతిని కన్నులతో గాచుకొను నలవాటు చేసిరి. అన్నిటికంటె ముఖ్యముగా, వారితో గలసి మెలగు మనుష్యు లుండిరి. ఆ కళాశాల వైద్యురాలగు మేరీ వర్గీసు 1954లో ప్రమాదమున నడుము క్రిందిభాగము చచ్చుబడియు, చక్రపు కుర్చీలో గూర్చుండి కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేసెను. ఆమెను జూచిన రోగికి ధైర్యము వేరుగా చెప్పవలెనా?

ఇది యంతయు మతములో గలుపుకొనుటకు వేసిన యెర కాదా యని చదువరులు అడుగవచ్చును. మత ప్రచారము మిషనరీల యుద్దేశములలో నొకటి. వారు దానిని దాచలేదు. దానిని విమర్శింపవచ్చును. కాని పుండు కడిగినవాని యుద్దేశమును శోధించుటకు ముందు, కడుగనివారి యుద్దేశ మేమని నన్ను నేను అడుగుకొనకుండ నుండలేను. సేవాగ్రామమున కుష్ఠరోగియగు పర్చూరే శాస్త్రికి గాంధీ స్వయముగా నుపచారము చేసెను. అట్టివారు మనలో నెందరు?

తెలుగు క్రైస్తవులు తమ యారాధకుల కూటమిని 'సంఘ' మందురు. మనము సంఘసంస్కరణ మనునప్పుడును ఆ మాటయే. మందు రోగమును దీర్చును. తీసివేయబడిన మనిషిని తిరిగి చేర్చుకొనవలసినది సంఘమే. ఆ పని క్రైస్తవసంఘమును పూర్తిగా జేయలేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలుమందుల చికిత్సను విధించెను. ఆరుమాసములలోనో సంవత్సరములోనో రోగము కుదురుచున్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టమున మానని కుష్ఠము విడాకులకు కారణముగా నుండెను. మందు వచ్చిన యిరువది యేండ్లకు, 2001లో, క్రైస్తవుల విడాకుల చట్టమును సవరించుచు అందును ఆ కారణమునే చేర్చిరి. రెండు చట్టములనుండియు దానిని కొట్టివేసినది 2019లో. వేలూరిలో మొదటి చేతులు కుదిరిన డెబ్బది యేండ్లకు.