కాలిఫోర్నియా ప్లగ్గుల వివాదము

కాలిఫోర్నియా వాయువనరుల మండలి 1990లో, తమ రాష్ట్రమున మోటారుకార్లను విరివిగా విక్రయించు సంస్థలు 1998 నాటికి నూటికి రెండు వంతున పొగ విడువని కార్లను గూడ విక్రయించి తీరవలెనని శాసించెనే గాని, ఆ కార్లకు విద్యుత్తు ఏ ప్లగ్గు ద్వారమున అందవలెనో నిర్ణయింపదాయెను. జనరల్ మోటార్సు 1996 చివర వెలువరించిన ఈవీ1 కారునకు లోహస్పర్శతో పనియే లేదు. తెడ్డువంటి పలకనొకదానిని కారు ముందరి చీలికలో దూర్చినంతనే అయస్కాంతక్షేత్రము ద్వారా శక్తి ప్రవహించెడిది, వానలో తడిసిన చేతులకును భయము లేకుండెడిది. టొయోటా, నిస్సాన్ సంస్థలును ఈ తెడ్డునే పట్టగా, ఫోర్డు, హోండాలు లోహము లోహమును తాకు పాత పద్ధతినే నమ్ముకొనెను. ఇది చాలదన్నట్లు తెడ్డు పక్షమువారిలోనే పెద్ద తెడ్డు, చిన్న తెడ్డు అను భేదము పొడసూపెను. ఇంటిపోరనగా ఇదియే గదా!

రెంటిలో తెడ్డే సొగసైనదని నా అభిప్రాయము. అయినను వివాదమును తేల్చినది సొగసు గాదు, ఖర్చు. తెడ్డు పద్ధతిలో విద్యుత్తును మార్చు ఖరీదైన యంత్రసామగ్రి చాలవరకు విద్యుత్తు నింపు స్టేషనులోనే ఉండవలెను. రెండవ పద్ధతిలో అది కారులోనే ఇమిడియుండును గనుక స్టేషను చౌకలో లభించును. 2001లో మండలి లోహస్పర్శ పక్షమునకే తీర్పు చెప్పెను. మరుసటి యేడే జనరల్ మోటార్సు తెడ్డునకు స్వస్తి చెప్పెను.

విచిత్రమేమనగా, ఓడిన అమరికయే పదేండ్లు తిరుగకమునుపే మరల అవసరమయ్యెను. గంటలకొలది వేచియుండక నిమిషములలో బ్యాటరీని నింపవలెనన్నచో డీసీ విద్యుత్తును సూటిగా అందింపవలెను. అంతటి బరువైన సామగ్రి కారులో పట్టదు గనుక, అది తిరిగి స్టేషనునకే చేరెను. జపానీయులు 2010లో చాదెమో సంఘమును స్థాపించి తమ త్వరిత పద్ధతిని ప్రచారము చేసిరి. ఐరోపా దేశములు పెక్కింట ఇండ్లకును మూడు ఫేజుల విద్యుత్తు వచ్చుచుండుటచే, అమెరికా వారి ఐదు పిన్నుల ప్లగ్గు అచ్చట చాలదాయెను. జర్మనీలోని మెన్నెకెస్ సంస్థ రూపొందించిన ఏడు పిన్నుల ప్లగ్గు 2014 నాటి ఐరోపా సమాఖ్య ఆదేశముతో ప్రమాణమయ్యెను. దాని దిగువన రెండు లావుపాటి డీసీ పిన్నులు చేర్చినదే సీసీఎస్2.

మన దేశమున 2017లో వెలువడిన భారత్ డీసీ-001 అను ప్రమాణము చైనా నమూనా గన్నును (ప్లగ్గును) స్వీకరించి, 15 కిలోవాట్లకు పరిమితమై, ఆనాటి 72 వోల్టుల చిన్న కార్లకు సరిపోయెను. 2020లో టాటా నెక్సాన్ ఈవీ సీసీఎస్2తో రాగా, ఆ ప్రమాణపు స్టేషనులు దానికి కొరగావాయెను. స్కూటర్ల విషయమున, ఏసీ డీసీలు రెంటిని ఒకే గన్నుతో అందించు ఏథర్ సంస్థ నమూనా ఆధారముగా భారతీయ ప్రమాణముల సంస్థ 2023లో ప్రత్యేక ప్రమాణము వెలువరించునప్పటికే, లక్షలకొలది విద్యుత్ స్కూటర్లు వేర్వేరు గన్నులతో రోడ్లపై తిరుగుచుండెను.