భద్రాచలం పాదయాత్ర

భద్రాచలం పాదయాత్ర అనగా శ్రీరామనవమి, ముక్కోటి ఏకాదశి వంటి పర్వదినాలకు గోదావరి తీరంలోని భద్రాచలం శ్రీ సీతారామచంద్రస్వామి ఆలయానికి భక్తులు కాలినడకన చేసే యాత్ర. పూర్వపు ఖమ్మం జిల్లా గ్రామాల నుంచే కాక కోస్తా జిల్లాల నుంచి కూడా భక్తులు నడచి వస్తారు. ఈ యాత్రకు నిర్ణీతమైన ఆరంభస్థానం లేదు. ఏ ఊరి బృందం ఆ ఊరి నుంచే బయలుదేరుతుంది. దారులు వేరైనా, కుడి గట్టు వైపు నుంచి వచ్చేవారిలో ఎక్కువమందికి చివరి మజిలీ ఒకటే. అది పాల్వంచ నుంచి సారపాక మీదుగా గోదావరి దాటి భద్రాచలం చేరడం.

ములకలపల్లి దారి

ములకలపల్లి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనకు పూర్వం ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. అశ్వారావుపేట, దమ్మపేట వైపు నుంచి నడచివచ్చేవారు ఈ ఊరి మీదుగా పాల్వంచ చేరవచ్చు. ఇక్కడి నుంచి పాల్వంచకు సుమారు 23 కి.మీ. దూరం. ఇది కోయలు అధికంగా నివసించే అటవీ ప్రాంతం. టేకు, వెదురు, తునికి, ఇప్ప ఇక్కడి ముఖ్యమైన చెట్లు. శ్రీరామనవమి నాటికి ఇప్పపూవు రాలే కాలం కావడంతో, తెల్లవారుజామున పూవు ఏరుకొనే గిరిజనులు యాత్రికులకు కనిపిస్తుంటారు.

పాల్వంచ - భద్రాచలం మజిలీ

ఈ దూరం సుమారు 28 కి.మీ. గంటకు నాలుగు కి.మీ. చొప్పున నడిస్తే విరామాలు కాక ఏడు గంటలు పడుతుంది. చైత్రమాసపు ఎండకు తారురోడ్డు త్వరగా వేడెక్కుతుంది. దీక్షలో ఉన్న పలువురు చెప్పులు ధరించరు. కావున బృందాలు తెల్లవారకముందే బయలుదేరి, మధ్యాహ్నం చెట్ల నీడన ఆగి, ఎండ తగ్గిన పిదప మిగిలిన దూరం నడుస్తాయి. పర్వదినాలలో దారి పొడవునా గ్రామస్థులు చలివేంద్రాలు, అన్నదానాలు ఏర్పాటు చేస్తారు.

పాల్వంచ దాటిన తరువాత కేశవాపురం-జగన్నాధపురం వద్ద పెద్దమ్మతల్లి ఆలయం కలదు. భద్రాచలం వెళ్ళేవారు ఇక్కడ ఆగి అమ్మవారిని దర్శించుకోవడం ఆనవాయితీ. మార్గమధ్యంలో గోదావరి ఉపనది అయిన కిన్నెరసానిని దాటవలెను. కాగితపు కర్మాగారం ఉన్న సారపాక దాటగానే గోదావరి వంతెన, ఆవలి గట్టున భద్రాచలం కనిపిస్తాయి.

చరిత్ర

17వ శతాబ్దంలో ఆలయాన్ని నిర్మించిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. ఆ విధంగా పాల్వంచకు, భద్రాచలానికి గల సంబంధం ఆలయమంత పాతది. అయితే 1860లో నిజాము గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిషు వారికి అప్పగించడంతో ఈ రెండు ఊళ్ళు వేర్వేరు పాలనలలోకి వెళ్ళాయి. పాల్వంచ నుంచి వచ్చే యాత్రికుడు ఏరు దాటడమంటే సరిహద్దు దాటడమే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో ఆ సరిహద్దు తొలగిపోయింది. తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది.

పూర్వం యాత్రికులు గోదావరిని పడవలపై దాటేవారు. 1965లో, అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెనతో అన్ని కాలాలలో నడచి వెళ్ళే వీలు కలిగింది. దాని పక్కనే నిర్మించిన రెండవ వంతెన 2024లో రాకపోకలకు తెరుచుకున్నది.

2014లో రాష్ట్ర విభజన సందర్భంగా భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, చుట్టుపక్కల గ్రామాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. దానితో పట్టణం అంచునే మరల రాష్ట్ర సరిహద్దు ఏర్పడింది. అయినను యాత్ర రెండు రాష్ట్రాల వారికీ ఉమ్మడిగానే సాగుతున్నది.

దీక్షలు, గోటి తలంబ్రాలు

కొందరు భక్తులు పసుపు వస్త్రాలు ధరించి శ్రీరామ దీక్ష చేపట్టి, ఇరుముడితో భద్రాచలం చేరి దీక్ష విరమిస్తారు. శ్రీరాముని జన్మనక్షత్రమైన పునర్వసు నుంచి మరల పునర్వసు వచ్చేవరకు 27 రోజులు ఆచరించే దీక్షకు పునర్వసు దీక్ష అని పేరు. తూర్పు గోదావరి జిల్లా కోరుకొండ భక్తులు వడ్లను రోట్లో దంచక, గోళ్ళతో ఒలిచి సిద్ధం చేసిన బియ్యాన్ని నవమి కల్యాణానికి సమర్పిస్తారు. వీటిని గోటి తలంబ్రాలు అంటారు.

యాత్రికుల భద్రత

పాల్వంచ - భద్రాచలం దారి నేడు విజయవాడ - జగదల్‌పూర్ జాతీయ రహదారిలో (30వ నెంబరు) భాగం. బొగ్గు, కలప లారీలు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. ఎండకు వెరచి చీకటిలో నడిచేవారికి వాహనాల వలన ప్రమాదం, వాహనాలకు వెరచి పగలు నడిచేవారికి వడదెబ్బ ప్రమాదం పొంచి ఉంటాయి. ఎదురుగా వచ్చే వాహనం కనబడేలా రోడ్డుకు కుడి అంచున ఒకే వరుసలో నడవడం, ముందు వెనుకల ఉన్నవారు దీపాలు పట్టుకోవడం, వృద్ధులను వరుస మధ్యలో ఉంచడం, దాహం వేయకముందే నీరు త్రాగడం పాటించదగిన జాగ్రత్తలు.